డెల్మర్ ఫిప్స్ వీపు

లోకంలో దొంగతనానికి చట్టం ఉంది. హత్యకు ఉంది. పన్ను ఎగ్గొట్టడానికి ఉంది. ఒక మనిషి తన వీపు ఎక్కడ ఆన్చాలో, ఎక్కడ ఆన్చకూడదో చెప్పే చట్టం మాత్రం, వెల్డా ఆస్‌గార్డ్‌కు తెలిసినంతలో, ఒక్కచోటే ఉంది. అరిజోనాలో యూమా ఊరు దాటి, లెట్యూస్ తోటలు అయిపోయి ఎడారి మొదలయ్యే దగ్గర, 'పాలోవెర్డె షేడ్స్' అనే మోటార్ హోముల పార్కులో, అంటే చక్రాల ఇళ్ళలో వచ్చి చలికాలం గడిపేవాళ్ళ చోట. ఆ పార్కులో పాలోవెర్డె చెట్టూ లేదు, నీడా లేదు. చట్టం మాత్రం ఉంది.

గేటు దగ్గర బోర్డు మీద రాసి ఉంటుంది. కుక్కలకు గొలుసు వేయవలెను. ఈతకొలనులోకి గాజు సీసాలు తేరాదు. దాని కింద, మిగతా అక్షరాలకంటే కొత్త రంగులో: 'పనిమీద ఉన్నప్పుడు తప్ప ఇతరుల వాహనాలకు ఆనుకోరాదు.' కొత్తగా వచ్చినవాళ్ళు అది చదివి ఇక్కడేదో ఘోరం జరిగి ఉంటుందనుకుంటారు. జరిగింది. డెల్మర్ ఫిప్స్ ఆనుకున్నాడు.

డెల్మర్‌కు ఉన్నది ఒకే ఒక్క జబ్బు. బండి కనిపిస్తే దానికి వీపు ఆన్చకుండా ఉండలేడు. ఆ ఎండలో నల్లచొక్కా తప్ప ఇంకోటి వేసేవాడు కాదు. ఎవరి మోటార్ హోమ్ దగ్గరికైనా పిలవకుండానే వచ్చి, గోడకు వీపు తగిలించి, గేదె ఒళ్ళు రుద్దుకున్నట్టు భుజాలు ఒకసారి ఇటూ అటూ కదిపి, కళ్ళు మూసుకుని కాసేపు నిలబడేవాడు. తర్వాత వెనక్కి తిరిగేవాడు.

"చూడండి. మీ బండి నా వీపు మీద ఉంది."

నిజంగానే ఉండేది. నల్లచొక్కా మీద తెల్లటి సుద్ద, పలక తుడిచిన గుడ్డలా.

ఆ సుద్దే అతని బతుకుతెరువు. మోటార్ హోమ్ గోడమీద జెల్‌కోట్ అని గాజులాంటి పూత ఒకటి ఉంటుంది. కొత్తలో అందులో మొహం చూసుకోవచ్చు. యూమా ఎండ దాన్ని నాకేసి నాకేసి కొన్నేళ్ళలో సుద్ద చేసి వదులుతుంది. సొంతదారుకు అది కనపడదు. రోజూ చూసే తన బట్టతల తనకు కనపడనట్టే. డెల్మర్ వాటర్ పేపరుతో తడిపి రుద్ది, కాంపౌండు అనే పాలిషు ముద్ద పెట్టి మిషనుతో తిప్పి, మైనం పట్టించి, ఆ గోడను మళ్ళీ అద్దం చేసేవాడు. వయసులో ఉండగా ఇండియానాలో ఈ బళ్ళు తయారయ్యే ఫ్యాక్టరీలో ఇదే పూత చిమ్మేవాడు. ఊపిరితిత్తులు ఇక చాలన్నాక ఎడారికి వచ్చాడు. పూసినవాడే వచ్చి, అది చచ్చాక బతికిస్తున్నాడన్నమాట.

మనుషుల పేర్లు అతనికి గుర్తుండేవి కావు. బండి ఏ సంవత్సరానిదో అదే మనిషి పేరు. ముసలి రైల్వే ఉద్యోగి వెండెల్ "రెండువేల ఐదు." పక్క సైటు ఐలీన్ "రెండువేల తొమ్మిది." వెల్డా ఉత్తర డకోటాలో స్కూలు బస్సుల డిపోలో మైకు పట్టుకుని డ్రైవర్లను ముప్ఫయ్యేళ్ళు గడగడలాడించిన మనిషి. ఆమె కూడా అతనికి ఒట్టి "తొంభై ఎనిమిది."

"నా పేరు వెల్డా," అని ఆమె ఎన్నోసార్లు చెప్పి చూసింది.

"పేరు ఎవరైనా పెట్టుకోవచ్చమ్మా. సంవత్సరం ఫ్యాక్టరీవాడు కొట్టి ఇస్తాడు."

ఇంత పనివాడు కాపురముండే సొంత ట్రైలర్ బండి ఎలా ఉండేదంటే, దాని పక్కనుంచి గాలి వీస్తే సుద్ద లేచేది. "ముందు నీది రుద్దుకోవచ్చుగా?" అని అందరూ అడిగేవాళ్ళు. "ఖాళీ ఏదీ?" అనేవాడు, ఇంకొకరి బండికి ఆనుకుని.

ఘోరం జరిగింది జనవరి విందులో. తలా ఒక గిన్నె తెచ్చుకునే విందు అది. పార్కు కమిటీ అధ్యక్షుడు హార్లన్ స్టబ్స్ తను కాపురముండే కొత్త డీజిల్ బస్సు ముందు నిలబడి, నిర్వహణ అనే విషయం మీద ఉపన్యసిస్తున్నాడు. హార్లన్ ఇన్సూరెన్సు కంపెనీలో క్లెయిములు తిప్పికొట్టే పని చేసి రిటైరైనవాడు. ఆయన బస్సు అంత పెద్దది, దాని అద్దాలు అంత నల్లవి, లోపల ఏ నాయకుడి శవాన్నో మంచులో పెట్టి ఊరేగిస్తున్నారనుకోవాలి.

"మెరుపు అనేది వ్యక్తిత్వం," అంటున్నాడు హార్లన్. "నా బండి చూడండి. రెండేళ్ళయింది. ఫ్యాక్టరీ నుంచి నిన్న వచ్చినట్టు ఉంది."

బీన్స్ పళ్ళెం పట్టుకుని డెల్మర్ ఆ బస్సుకు జారగిలబడే ఉన్నాడు. చప్పట్లు కొట్టాలని పళ్ళెం కింద పెట్టడానికి వెనక్కి తిరిగాడు. పార్కు పార్కంతా ఆ వీపు చూసింది. వీపు మీద హార్లన్ వ్యక్తిత్వం రెండు భుజాల మేర అంటుకుని ఉంది.

ముందు ఎవరో ముసిముసిగా నవ్వారు. తర్వాత వెండెల్ తన నోట్లోంచి కట్టుడు పళ్ళు జారేదాకా నవ్వాడు. మర్నాడే అత్యవసర సమావేశం. ఆస్తిరక్షణ, వ్యక్తిగత హద్దులు, ఇన్సూరెన్సు బాధ్యత అని గంటసేపు మాట్లాడి తీర్మానం పెట్టారు. బలపరుస్తూ మొదట లేచిన చెయ్యి హార్లన్ భార్య జూన్‌ది. రెండోది వెల్డాది. డెల్మర్ పొద్దున్నే ఆనుకుంటే కప్పులు గలగలమని ఆమెకు నిద్రాభంగమవుతోందాయె.

తీర్మానం బోర్డెక్కిన రోజు డెల్మర్ దాన్ని శ్రద్ధగా చదివాడు. తర్వాత బోర్డుకే వీపు ఆన్చాడు.

"ఏమిటా పని?" అన్నాడు హార్లన్.

"బోర్డు వాహనం కాదు కదండీ," అని వెనక్కి తిరిగాడు. వీపు మీద 'రాదు' అనే ముక్క తిరగబడి అచ్చయి ఉంది. "తడి ఆరకముందే తగిలించేశారు. తొందరపాటు."

ఆ తర్వాతే అతని పనిలో ఒక పెడబుద్ధి మొదలైంది. కొన్ని బళ్ళు పూర్తి చేయడం మానేశాడు. ఐలీన్ బండి అంతా అద్దంలా చేసి, తలుపు పక్కన వీపంత వెడల్పు పట్టీ ఒకటి మొద్దుగా వదిలేశాడు. వెండెల్‌దీ అంతే. "మిషను పాడయింది." "కాంపౌండు రాలేదు." "రేపు." ఆ రేపు రాలేదు. జనం దాన్ని డెల్మర్ సంతకం అని పిలిచి నవ్వుకున్నారు. దంపతులున్న బళ్ళు మాత్రం ఎందుకో చక్కగా పూర్తి చేసిచ్చేవాడు. భార్యలు వెంటపడి చేయించుకుంటారని వెండెల్ వ్యాఖ్యానం.

ఇలాంటివాడి దగ్గరికి వెల్డా వెళ్ళాల్సివచ్చింది.

పదేళ్ళ నిబంధన అని ఆ పార్కుల్లో ఒకటుంది. బండికి పదేళ్ళు దాటితే చూపులకు నిలవాలి, లేకపోతే సైటు ఖాళీ చేయాలి. మనుషులకు ఎనభై దాటినా ఫరవాలేదు. మోకాళ్ళు, తుంటి, గుండెలో కవాటం మార్పించుకుని వచ్చినా ఫరవాలేదు. బండికి మాత్రం ముడత కనిపించకూడదు. ఇన్నాళ్ళూ ఎవరూ పట్టించుకోని ఆ నిబంధనను హార్లన్ దుమ్ము దులిపి బయటికి తీశాడు. వెల్డా బండి ఆ పార్కులోకెల్లా పాతది. భర్త ఆమెను వదిలి ఫ్లోరిడా పోతూ ఆ బండిని ఆమెకు విడిచి, కుక్కను తను తీసుకుపోయాడు. కుక్క గురించి ఆమె ఇప్పటికీ బాధపడుతుంది. ఉత్తర డకోటాలో, మైనాట్‌లో ఉన్న ఇల్లు అమ్మేసింది. ఇక ఇల్లన్నా ఈ బండే, ఊరన్నా ఈ సైటే. ఇక్కడినుంచి పొమ్మంటే తొంభై ఎనిమిదో సంవత్సరం బండిని గేటులోకి రానిచ్చే పార్కు ఇంకోటి లేదు.

డెల్మర్ తన ట్రైలర్ ముందు మడతకుర్చీలో కూర్చుని డబ్బాలో బీన్స్ వేడి చేయకుండానే తింటున్నాడు.

"ఏమయ్యా, పనుంది," అంది వెల్డా.

"తెలుసమ్మా తొంభై ఎనిమిదీ. మీకోసమే ఈ చొక్కా ఉతికి ఉంచాను."

"నీమీద తీర్మానానికి చెయ్యెత్తినదాన్ని. గుర్తుందా?"

"ఎందుకు లేదు? ఎడమచెయ్యి ఎత్తారు. కుడిచేతిలో కేకుంది."

"కోపం లేదూ?"

"కేకెలా ఉంది?"

"ఎండిపోయింది. జూన్ చేసింది కదా."

"అయితే మీకు పడాల్సిన శిక్ష పడిపోయింది. రేపొస్తాను."

మర్నాడు తెల్లవారుతూనే వెల్డా కప్పులు గలగలలాడాయి. మోటార్ హోమ్ అంటే స్ప్రింగుల మీద కూర్చున్న ఇల్లు. ధాన్యం బస్తాలాంటి డెల్మర్ ఆనుకుంటే ఇల్లంతా ఒక పక్కకి నిట్టూర్చేది. ఆమె పక్కమీదనుంచే మడమతో గోడను ధన్‌మని తన్నింది.

"ఎవరది? నేనింకా బతికే ఉన్నాను, నీ బరువు తియ్యి!"

"శుభోదయం తొంభై ఎనిమిదీ. పనిమీద ఉన్నాను. ఆనుకోవచ్చు. చట్టంలో ఉంది."

ఇది రోజూ జరిగింది. కప్పుల గలగల, మడమ దెబ్బ, తిట్టు, శుభోదయం. ఆ తర్వాతే బకెట్టు, వాటర్ పేపరు. ఎండ తగిలిన గోడమీద పనిచేస్తే కాంపౌండు ఎండి చారలు కడుతుందని పొద్దున పడమటి గోడ, సాయంత్రం తూర్పు గోడ పట్టుకునేవాడు. రాక్షసుణ్ణి తప్పించుకు తిరిగేవాడిలా బండి చుట్టూ సూర్యుడికి కనపడకుండా తిరిగేవాడు. మిషను తిప్పుతూంటే తెల్లటి పాలలాంటి చుక్కలు ఎగిరి అతని కనుబొమ్మలమీద పడేవి. బండి రోజురోజుకూ పడుచుదవుతూంటే అతను రోజురోజుకూ ముసలాడయ్యేవాడు.

చివరికి బండి మెరిసింది. వెల్డా చుట్టూ తిరిగి చూసుకుని, ఇది తన బండేనా అనుకుని, నంబరు చూసి నమ్మింది. తలుపు దగ్గరికి వచ్చేసరికి ఆగింది. తలుపు పక్కన వీపంత వెడల్పున పట్టీ. మొద్దుగా, తెల్లగా, సుద్దముక్కలా.

"ఇదేమిటి?"

"అదా... గాలిలో తేమ ఉందమ్మా."

"యూమాలోనా? క్రితం వాన పడ్డప్పుడు వెండెల్‌కు జుట్టుంది!"

"మిషను ప్యాడు అరిగింది."

"కొత్తది నీ చంకలో ఉంది."

డెల్మర్ చంకలోని ప్యాడు వంక ద్రోహిని చూసినట్టు చూశాడు. "ఇది వేరే బండిది," అన్నాడు.

"డెల్మర్! పరీక్ష ఎల్లుండి. ఈ పట్టీ ఉంటే నన్ను గెంటేస్తారు. తెలుస్తోందా?"

తెలిసినట్టే ఉంది. మొహం వేలాడేశాడు. కానీ చెయ్యి మాత్రం మిషను మీదికి పోలేదు. "ఒక్కటి మిగలనివ్వండమ్మా," అని గొణిగి, ఆ పట్టీకే ఒకసారి వీపు ఆన్చి వెళ్ళిపోయాడు.

పరీక్షకు హార్లన్ కొత్త నల్ల చేతిరుమాలు కొనుక్కుని వచ్చాడు. ఆ విద్య ఎవరి దగ్గర నేర్చాడో అందరికీ తెలుసు, ఎవరూ అనలేదు. బండి చుట్టూ తిరిగి అంతటా రుద్దాడు. రుమాలు నల్లగానే ఉంది. పట్టీ మీద రుద్దాడు. తెల్లబడింది.

"విచారకరం," అన్నాడు, క్లెయిము తిప్పికొట్టేటప్పుడు అనే గొంతుతో. "సోమవారం దాకా గడువిస్తున్నాను. తర్వాత సైటు వేరేవాళ్ళకి."

వెల్డా ఇక డెల్మర్‌ను బతిమాలలేదు. బజారుకు పోయి కాంపౌండు, మైనం తెచ్చుకుని, తనే ఆ పట్టీని రుద్దడం మొదలుపెట్టింది. డిపోలో తిట్టిన తిట్లన్నీ మళ్ళీ ఒకసారి వరసగా తిడుతూ రుద్దితే సాయంత్రానికి పట్టీ పోయింది. గోడంతా ఒకటే అద్దం.

మర్నాడు పొద్దున డెల్మర్ మామూలుగా వచ్చాడు. మామూలుగా కళ్ళు మూసుకుని వీపు ఆన్చాడు. మైనం పట్టిన గోడ అతన్ని సబ్బుముక్కను జార్చినట్టు కిందికి జార్చేసింది. కంకరలో కూలబడి, ఎవరో కుర్చీ లాగేసినట్టు పైకి చూశాడు.

"పట్టీ ఏదమ్మా?"

"తీసేశాను. పని అయిపోయింది. ఇక ఆనుకోకు. చట్టం!"

అతను లేచి, ఆ గోడలో తన మొహం చూసుకున్నాడు. తనకు తెలియని మనిషిని చూసినట్టు ఉంది. "బాగా రుద్దారు," అని మెల్లగా వెళ్ళిపోయాడు.

సోమవారం బండి నెగ్గింది. హార్లన్ అభినందించాడు. మర్నాటినుంచి పొద్దున్నే కప్పులు గలగలలాడటం మానేశాయి. హాయిగా నిద్రపోవచ్చు కదా, వెల్డా ఇంకా ముందే లేచి, కప్పుల వంక చూస్తూ పడుకునేది. ఎందుకు చూస్తోందని ఎవరైనా అడిగితే కొట్టి ఉండేది.

ఆ వారం చివర్లో, మిగిలిన మైనం డబ్బాను పై అలమారలో పెడదామని ఆమె మంచం అంచు మీద ఎక్కింది. చేతికి మైనం, అంచుకు మైనం. మరుక్షణం మంచానికీ గోడకీ మధ్య సందులో తలకిందులుగా ఉంది. ఒక కాలు పైకి, ఒక కాలు ఎక్కడో. చీలమండ భగ్గుమంది. కదిలితే ఇంకా లోపలికి దిగుతోంది. ఫోను ముందు డ్రైవరు సీటు దగ్గర చార్జింగులో ఉంది.

కిటికీ మాత్రం కనిపిస్తోంది. పొద్దున షికారు వేళ. ఎవరో ఒకరు వస్తారు. అరిచింది.

మొదట ఎవరో ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు. గోడముందు ఆగారు. ఒకామె టోపీ సర్దుకుని, "ఎంత మెరుస్తోందో చూడు," అంది. రెండో ఆమె లిప్‌స్టిక్ దిద్దుకుంది. వెళ్ళిపోయారు.

తర్వాత హార్లన్ వచ్చాడు. సరిగ్గా కిటికీ కింద ఆగాడు. వెల్డా ప్రాణాలన్నీ కూడగట్టి, "హార్లన్! ఓయ్ హార్లన్!" అని కేక పెట్టింది. హార్లన్ చెవి రిక్కించాడు. తల ఆడించాడు. జేబులోంచి దువ్వెన తీసి, ఆ గోడలో చూసుకుంటూ ఉన్న నాలుగు వెంట్రుకలనూ ఈ చెవినుంచి ఆ చెవికి జాగ్రత్తగా పరిచాడు. ఒకసారి చిరునవ్వు నవ్వి చూసుకుని, కదిలాడు. అంత మెరుపులో లోపలున్నవాళ్ళు కనపడరు. చూసేవాడే కనపడతాడు.

తలకిందులుగా ఉన్న వెల్డాకు ఆ దువ్వెన చూశాకే ఒక సంగతి తట్టింది. పట్టీలు ఐలీన్‌కు ఉన్నాయి. వెండెల్‌కు ఉన్నాయి. తనకుండేది. మొగుడో పెళ్ళామో పక్కనున్నవాళ్ళ బళ్ళకు ఒక్కదానికీ లేవు.

అప్పుడు కంకరలో బూట్ల చప్పుడు. ఆగింది. చాలాసేపు ఏమీ లేదు. ఆమెకు కనపడకపోయినా తెలుసు: గేటు వైపు, బోర్డు వైపు చూస్తూ ఉండి ఉంటాడు. తర్వాత గోడమీద జర్‌ర్‌మని జారిన చప్పుడు. ఒక తిట్టు. మళ్ళీ జారడం. చివరికి కాళ్ళు కంకరలో పాతిపెట్టుకున్నాడు కాబోలు, బండి ఒక పక్కకి నిట్టూర్చింది. కప్పులు గలగలలాడాయి.

వెల్డాకు తన్నడానికి మడమ ఖాళీ లేదు. అరిచీ అరిచీ గొంతు కూడా పోయింది.

అప్పుడు బయటనుంచి డెల్మర్ గొంతు, ఎప్పుడూ లేనంత చిన్నగా:

"తొంభై ఎనిమిదీ? తిట్టరేం?"

ఆ తర్వాత తలుపు తెరుచుకోవడం, ధాన్యం బస్తా పరుగెత్తడం, మంచం లేవడం అన్నీ ఒక్కసారే జరిగాయి. ఈలోగా బయటనుంచి హార్లన్ కేక. "ఫిప్స్! అది పూర్తయిన బండి! చూశాను, ఆనుకున్నావ్!"

"లోపలికి రండి రెండువేల ఇరవైరెండూ," అన్నాడు డెల్మర్. "వచ్చి ఒక కాలు పట్టుకోండి."

హార్లన్ వచ్చి, చూసి, కాలు పట్టుకున్నాడు. "అరిచింది మీరా? టీవీ అనుకున్నాను!"

"నువ్వు దువ్వుకోవడం చూశానయ్యా," అంది వెల్డా తలకిందులుగానే. "పాపిట వంకర."

చీలమండకు కట్టు కట్టించుకుని వచ్చాక, ఆ సాయంత్రం ఆమె డెల్మర్‌ను ఎదురుగా కూర్చోబెట్టింది.

"నిజం చెప్పు. ఎందుకు ఆనుకుంటావ్?"

"సుద్ద చూడ్డానికమ్మా."

"మైనం పట్టిన గోడకి సుద్దెక్కడిదయ్యా?"

డెల్మర్ బూటు మీది సుద్దను వేలితో తుడుచుకున్నాడు. తర్వాత అన్నాడు: "పొద్దున్నే తలుపు కొట్టి, బతికున్నారా అని అడిగితే ఎవరైనా కొడతారమ్మా. ఆనుకుంటే తిడతారు. తిట్టు వినపడితే చాలు. పక్క బండికి పోతాను."

వెల్డా అతని చేతిలో ఒక ముక్క కేకు పెట్టింది. జూన్ పంపింది. ఎండిపోయి ఉంది. తిన్నాడు.

హార్లన్ మాత్రం నిబంధన నిబంధనే అన్నాడు. కాలు పట్టుకోవడం వేరు, కమిటీ వేరు. పూర్తయిన బండికి ఆనుకున్నందుకు డెల్మర్‌ను పార్కునుంచి పంపేయాలని సమావేశం పిలిచాడు. ఆ కబురు తెచ్చిన హార్లన్ ముందే వెల్డా ఊతకర్ర చంకన పెట్టుకుని తలుపు దగ్గరికి కుంటుకుంటూ వెళ్ళింది. గరుకు వాటర్ పేపరు ఒకటి తీసి, తను చెమటోడ్చి తెచ్చిన మెరుపును తనే బరబరా గీకేసింది. వీపంత వెడల్పు.

"పూర్తయిందా?" అంది.

"మీరేం చేస్తున్నారు?"

"పూర్తి కాలేదు. అతనింకా నా బండి పనిమీదే ఉన్నాడు. పనిమీద ఉన్నప్పుడు ఆనుకోవచ్చు."

"అయితే బండి పరీక్ష తప్పినట్టే. సైటు ఖాళీ చేయాల్సి వస్తుంది. ఆలోచించుకున్నారా?"

"ఆలోచించుకోకుండా ఎవరైనా ఇంత గీకుతారా?" అంది వెల్డా. గొంతు గట్టిగానే ఉంది. ఆ రాత్రి మాత్రం ఆమె సామాన్లలో ఏవి తీసుకుపోవచ్చో, ఏవి ఐలీన్‌కు ఇవ్వచ్చో లెక్క వేసుకుంటూ పడుకుంది.

సమావేశం ముందు జూన్ కూతురి కాన్పుకని ఒమాహా వెళ్ళింది. అంత పెద్ద బస్సులో హార్లన్ ఒక్కడే మిగిలాడు. రెండు టీవీలు, మూడు ఏసీలు, నాలుగు వెంట్రుకలు. మర్నాడు పొద్దున ఆయన కాఫీ ఒంటిమీద ఒలికింది. బస్సు కదిలింది.

"ఎవడ్రా అది!" అని లోపలినుంచి గావుకేక.

"శుభోదయం రెండువేల ఇరవైరెండూ," అని బయటనుంచి జవాబు.

హార్లన్ తన కమిటీ ఈల మెడలో వేసుకుని మెట్లు దిగాడు. డెల్మర్ అప్పటికే వెళ్ళిపోతున్నాడు, వీపంతా తెల్లగా. హార్లన్ ఈల నోట్లో పెట్టుకున్నాడు. ఊదలేదు. పక్క కిటికీలోంచి చూస్తున్న ఐలీన్ చెప్పిందాని ప్రకారం, ఆయన ఆ వీపు మూల తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాడు. మర్నాడు కాఫీ కప్పు పట్టుకుని గోడ పక్కనే కూర్చున్నాడట, ఒలకకుండా.

సమావేశం వాయిదా పడింది. మళ్ళీ పిలవలేదు. కొన్నాళ్ళకు హార్లన్ బస్సు మిలమిల మెరిసింది, తలుపు పక్కన ఒక పట్టీ తప్ప.

"ఫిప్స్ పని జరుగుతోంది," అన్నాడు హార్లన్ ఎవరూ అడక్కుండానే. "నాణ్యమైన పనికి సమయం పడుతుంది." ఇక వెల్డా పట్టీ గురించి ఏ నోటితో అడుగుతాడు?

అధ్యక్షుడి బండికే ఉందంటే అది లోపం కాదు, హోదా. జనం ఎగబడ్డారు. మొగుడూ పెళ్ళాలున్నవాళ్ళు కూడా మాకో పట్టీ కావాలని డెల్మర్ వెంటపడ్డారు. "మీరొకరికొకరు ఆనుకోండి," అని తిప్పి పంపేవాడు. కొందరు ఆగలేక తామే గీక్కున్నారు. జూన్ ఒమాహా నుంచి తిరిగొచ్చి, పట్టీలు ఎంత వెడల్పు ఉండాలో ఒక పద్ధతి ఉండొద్దా అని కొత్త తీర్మానం రాయడం మొదలుపెట్టింది.

ఏప్రిల్‌లో ఎండలు ముదిరాయి. ఏటా లాగే బళ్ళు ఒక్కొక్కటే చల్లటి ఉత్తరానికి కదిలాయి. వెల్డా మైనాట్‌లో చెల్లెలి పెరట్లో ఎండాకాలం గడపాలి. నీళ్ళ గొట్టాలు విప్పేసింది, కప్పులు గుడ్డల్లో చుట్టేసింది. బయల్దేరే పొద్దున, బజారులో కొన్న కొత్త నల్లచొక్కా వేసుకుని, కొద్దిగా కుంటుతూ డెల్మర్ ట్రైలర్ దగ్గరికి వెళ్ళింది.

తలుపు మూసి ఉంది. ఆ సుద్ద గోడముందు ఆమె కాసేపు నిలబడింది. ఇంత పనివాడు సొంత గోడను ఒక్కసారైనా ఎందుకు రుద్దుకోలేదని ఎన్ని చలికాలాలు ఎంతమంది నవ్వారో గుర్తొచ్చింది. తర్వాత వెనక్కి తిరిగి, కళ్ళు మూసుకుని, తన బరువంతా వేసి ఆనుకుంది.

లోపల ఏదో డబ్బా దొర్లింది. గోడమీద ధన్‌మని మడమ దెబ్బ.

"ఎవరది? నేనింకా బతికే ఉన్నాను, నీ బరువు తియ్యి!"

"శుభోదయం డెల్మర్," అంది వెల్డా.

కాసేపటికి తలుపు తెరుచుకుంది. నిద్రమొహంతో డెల్మర్ మెట్లు దిగి వచ్చి, వేలు గాలిలో తిప్పి, తిరగమన్నాడు. ఆమె వెనక్కి తిరిగింది. అతను వెనక్కి జరిగి, తల ఒక పక్కకి వంచి, తన ట్రైలర్‌ను ఆమె వీపు మీద చాలాసేపు పరీక్షగా చూశాడు.

"ఎడమ భుజం సరిగ్గా ఆనలేదు వెల్డా," అన్నాడు. "నవంబరులో వచ్చి మళ్ళీ ఆనుకోవాలి."